హాలు వద్దు, డ్రెస్సింగ్ రూమ్ ఇమ్మనండి

ప్రశ్న: మేడమ్, నమస్తే. బంజారాహిల్స్‌లో 12 ఏళ్లుగా బొటిక్ నడుపుతున్నాను. ఎక్కువగా పెళ్లి బట్టలే చేస్తాం. ఇద్దరు కటింగ్ మాస్టర్లు, 14 మంది మగ్గం వర్క్ వాళ్లు ఉన్నారు. పోయిన మాఘంలో ఒక అమ్మాయికి పెళ్లి లెహంగా చేశాను. వాళ్లు కోకాపేటలో పెద్ద ఫ్లాట్ కొన్నారు. "మా పిల్ల లెహంగా చేసినట్టే మా హాలు కూడా నువ్వే చేసిపెట్టు, సోఫాల దగ్గర్నుంచి అన్నీ నీ చేతి మీదే ఉండాలి" అని వాళ్లమ్మగారు పట్టుబట్టారు. లగ్జరీ ఫర్నిచర్ మీద నాకూ ఎప్పట్నుంచో మనసుంది. జూబ్లీహిల్స్‌లో షోరూమ్ చూశాను, 40 లక్షల లోన్ కావాలి. మావారికి ఒకటే టెన్షన్. నా స్నేహితురాలేమో చైనా నుంచి కంటైనర్ తెప్పించి, మన బట్ట వేయించి, మన పేరు పెట్టి అమ్ముదాం అంటోంది. నాకు బట్ట తెలుసు, కర్ర తెలియదు. నాలాంటిదానికి ఈ పని వస్తుందా? వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?
(పేరు రాయవద్దన్నారు, హైదరాబాద్)

జవాబు: పని మీకు వస్తుంది. ఆవిడ ఇస్తానన్న గదే తప్పు. హాలు వద్దని, డ్రెస్సింగ్ రూమ్ ఇమ్మని అడగండి. ఎందుకో చెప్తాను. ముందు మీ దారిలో మీకంటే ముందు నడిచినవాళ్ల సంగతి రెండు ముక్కలు.

పారిస్‌లో పాల్ ప్వారే అనే డ్రెస్ డిజైనర్ 1911లోనే తన కూతురి పేరు మీద ఇంటి అలంకరణకు ఒక విభాగం తెరిచాడు. కర్టెన్లు, తివాచీలు, ఫర్నిచర్ అన్నీ అందులో ఉండేవి. బట్టలకు పేరుపడ్డ రాల్ఫ్ లారెన్ 1983లో, వెర్సాచే 1992లో, అర్మానీ 2000లో ఇళ్ల సామాన్లలోకి వచ్చారు. అర్మానీ అయితే అంతకు చాలా ముందే, 1980ల మొదట్లో, తన కోసమని ఒక టేబుల్ ల్యాంప్ గీసుకున్నాడు. మన దగ్గర సబ్యసాచి ఏషియన్ పెయింట్స్ వాళ్ల 'నిలయ'తో కలిసి వాల్‌పేపర్లు చేశాడు. ఫెండి వాళ్లు ఇటలీలోనే ఫోర్లీ అనే ఊళ్లోని ఫర్నిచర్ తయారీదారుతో చేయి కలిపారు. గమనించారా, బట్టల కంపెనీ తన పెరట్లో రంపపు మిల్లు పెట్టుకోవక్కర్లేదు. గీత ఒకరిది, కర్ర పని తరతరాలుగా అదే చేస్తున్నవాళ్లది. మీ 40 లక్షల ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

ఇక హాలు ఎందుకు వద్దంటున్నాను? మీ లెహంగాను పెళ్లికూతురు మోస్తుంది, అదీ ఆ ఒక్క రాత్రి. సోఫా తనే మనుషుల్ని మోయాలి, పదేళ్లు. పైగా హైదరాబాద్ హాల్లో ఎవరూ కేటలాగ్‌లో బొమ్మల్లా కూర్చోరు. తాతగారు బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. పిల్లలు చేతుల మీదెక్కి దూకుతారు. ఐదడుగుల అత్తగారు 26 అంగుళాల లోతున్న ఇటలీ మోడల్ సోఫాలో కూర్చుంటే కాళ్లు నేలకు ఆనవు, వెనక్కి ఆనుకుంటే మళ్లీ లేవలేరు. బ్లౌజు బిగుతైతే కుట్లు విప్పి వదులు చేస్తారు, దానికోసమే లోపల మార్జిన్ వదులుతారు. కుర్చీలో ఆ సౌకర్యం లేదు. డైనింగ్ టేబుల్ ఎత్తు 30 అంగుళాలైతే కుర్చీ సీటు 18 దగ్గర ఉండాలి. మధ్యలో 10 నుంచి 12 అంగుళాల ఖాళీ లేకపోతే కూర్చున్న మనిషి తొడలు బల్లకు తగులుతాయి, లేదా పిల్లాడిలా చేతులెత్తి తినాలి. ఫర్నిచర్‌లో అన్నిటికంటే కష్టమైనది కుర్చీ. ఇన్నేళ్ల తర్వాత కూడా కొత్త కుర్చీ గీయాలంటే నాకు గుబులే.

కర్ర సంగతి నేనెలా నేర్చుకున్నానో చెప్తాను. నవ్వకండి. నా ఫర్నిచర్ వర్క్‌షాపు పెట్టిన కొత్తలో ఏడడుగుల టేకు డైనింగ్ టేబుల్ ఒకటి చేశాం. మంచి బల్లార్షా టేకు. మూడు పలకలు పక్కపక్కన అతికించి, కింద ఇనుప ఫ్రేమ్ పెట్టి, కదలకూడదని చుట్టూ స్క్రూలు గట్టిగా బిగించాం. ఫిబ్రవరిలో ఇచ్చాం. ఏప్రిల్‌లో ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోన్. "మేడమ్, టేబుల్ పేలింది!" పొద్దున వెళ్లి చూస్తే మధ్య పలక ఈ చివర నుంచి ఆ చివరకు బారెడు చీలింది. ఆ చీలికలో రూపాయి బిళ్ల నిలబడింది. ఆ ఇంటి పెద్దాయన ఏమీ అనలేదు, కాఫీ ఇప్పించారు. తిట్టినా ఇంత గుర్తుండేది కాదు.

తప్పు కర్రది కాదు. ఎండ పొడికి పలక అడ్డంగా కుంచించుకుపోతుంది, వానాకాలం తేమకు మళ్లీ ఉబ్బుతుంది. పొడవునా మాత్రం దాదాపు కదలదు. నేను ఇనుముకు కట్టేసి కదలకుండా చేశాను కాబట్టి అది చీలి ఊపిరి పీల్చుకుంది. స్క్రూ రంధ్రాన్ని గుండ్రంగా కాకుండా కోలగా తొలిచి ఉంటే అందులో అటూ ఇటూ జరిగేది. మా మేస్త్రికి ఇది తెలుసు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఈ కథ మీకెందుకంటే, ఇందులో మీకు కొత్త చాలా తక్కువ. పడుగు, పేక మీకు తెలుసు. నిలువుగా లాగితే సాగని బట్ట క్రాస్‌లో కోస్తే సాగుతుందని తెలుసు. కాటన్‌ను కత్తిరించే ముందు నీళ్లలో వేసి ఆరబెడతారు. కర్రనూ అలాగే ముందు ఆరబెట్టాలి. తేమ 8 నుంచి 12 శాతం మధ్యకు దిగాక గానీ రంపం కిందికి పంపకూడదు. తేమ చూసే చిన్న మీటరు దొరుకుతుంది, హ్యాండ్‌బ్యాగులో పడుతుంది. టింబర్ డిపోకు వెళ్లినప్పుడు బయటకు తీసి కర్ర మీద పెట్టండి. డిపో అతను మీతో మాట్లాడే తీరు అక్కడికక్కడే మారుతుంది.

సరే, డ్రెస్సింగ్ రూమ్. ఈ ఊళ్లో ఫర్నిచర్ చేసేవాళ్లలో ఎవరికీ తెలియని విషయం మీకు ఒకటి తెలుసు. బరువైన పెళ్లి బట్ట ఇంట్లో ఎలా బతుకుతుందో మీకు తెలుసు. మామూలు వార్డ్‌రోబ్ లోతు 24 అంగుళాలు. లోపల గట్టి నెట్ పొరలు (క్యాన్‌క్యాన్) వేసిన లెహంగాను అందులో తగిలిస్తే తలుపు పడదు, బలవంతంగా మూస్తే అంచు నలిగిపోతుంది. తగిలించడమే తప్పని మీరు ప్రతి కస్టమర్‌కూ చెప్తూనే ఉంటారు కదా, ఆరేడు కిలోల వర్క్ నడుము కుట్టు మీద వేలాడితే ఏడాదికల్లా బట్ట జారిపోతుందని. మరి వాళ్లు దాన్నెక్కడ పెట్టాలి? మంచం కింద సూట్‌కేసులో! రెండు లక్షల లెహంగా వీఐపీ పెట్టెలో, కలరా ఉండల మధ్య.

అక్కడ మొదలుపెట్టండి. నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, పది అంగుళాల ఎత్తున్న సొరుగు. ఒక సొరుగుకు ఒకటే లెహంగా, రెండు మడతలతో పడుకోవాలి. నాలుగడుగుల సొరుగుకు అడుగున పల్చటి ప్లైవుడ్ వేస్తే మధ్యలో కుంగుతుంది. 12 మిల్లీమీటర్లది వేయించండి. పక్కన 45 కిలోలు మోసే టెలిస్కోపిక్ చానళ్లు, అంటే సొరుగు జారే ఇనుప పట్టాలు. పట్టుచీరలకు లోతు సొరుగులు వద్దు, బయటికి లాగే పల్చటి ట్రేలు చేయించండి, ఒక్కోదాంట్లో నాలుగు చీరలకు మించి పట్టకూడదు. అడుగు చీర కోసం పైన పది చీరలు లాగితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? నెలల తరబడి ఒకే మడతలో ఉంటే జరీ ఆ గీత దగ్గరే తెగుతుంది కాబట్టి, మడత మార్చడానికి బోలెడు జాగా కావాలి. ట్రేల పైన నడుమెత్తులో ఒక బల్ల అందుకు.

సొరుగు లోపల ఉతికిన కోరా గుడ్డతో లైనింగ్ వేయించండి. పాలిష్ లేని టేకులో నూనె ఉంటుంది, లేత రంగు పట్టు నేరుగా తగిలితే మరక పడొచ్చు. కొత్త ప్లైవుడ్, కొత్త పాలిష్ వాసన పోకముందే బట్టలు పెట్టి తలుపులు బిగిస్తే ఆ వాసన బట్టలకు పట్టుకుంటుంది. ఒక పది రోజులు తలుపులు తెరిచి ఉంచమని ఒప్పందంలోనే రాయండి. బ్లౌజు నాణ్యత తేల్చాలంటే మీరు ఏం చేస్తారు? తిరగేసి లోపలి కుట్టు చూస్తారు. ఆ కోకాపేట ఆవిడకు కూడా ఆ అలవాటు మీరే నేర్పి ఉంటారు. ఆవిడ రేపు మీ సొరుగు బయటకు లాగి వెనక వైపు చూస్తుంది. చూడనివ్వండి.

మా అమ్మమ్మ ఇంట్లో భోషాణం ఉండేది. లోపల పట్టుచీరలు, ఇత్తడి సామాను, మూత మీద పరుపు వేసుకుని పిల్లలం పడుకునేవాళ్లం. మూత ఎత్తితే ఎండిన వేపాకు వాసన. ఒకే వస్తువు పెట్టె, మంచం, బీరువా. దానికి గిల్టు పూత, సింహం కాళ్లు లేవు. మీరు చేయబోయే వస్తువుకు తాత ఎవరని నన్నడిగితే మిలాన్ వైపు చూపించను, ఆ భోషాణం వైపు చూపిస్తాను.

అద్దం దగ్గరకు రండి. చీర కట్టించేటప్పుడు కుచ్చిళ్లు సర్దే మనిషి నేల మీద కూర్చోవాలి. ఏ ఇంటీరియర్ డ్రాయింగ్‌లోనూ ఆ మనిషి ఉండదు! అద్దానికీ వార్డ్‌రోబ్‌కూ మధ్య రెండున్నర అడుగులు వదిలి చేతులు దులుపుకుంటారు. మీరు కనీసం ఐదడుగులు ఉంచండి. ఆరడుగుల అద్దం ముందు ఒకటి, వెనక బ్లౌజు వర్క్ కనిపించేలా పక్కకు తిరిగే అద్దం ఇంకొకటి. కూర్చోవడానికి చేతుల్లేని ఒట్టోమన్, అంటే వీపు లేని మెత్తటి పీట, 16 అంగుళాల ఎత్తు. చేతులున్న కుర్చీలో లెహంగా పట్టదని స్టేజి మీద ఎన్నిసార్లు చూసి ఉంటారో. లైట్లు రంగును ఉన్నది ఉన్నట్టు చూపించేవి తీసుకోండి. పెట్టె మీద సీఆర్ఐ 90కి పైన అని ఉంటుంది. లేకపోతే ఇంట్లో మెరూన్ అనుకున్నది ఫంక్షన్ హాల్లో ఇటుక రంగైపోతుంది, ఆ నింద చివరకు మీ మీదకే వస్తుంది.

ఒట్టోమన్ మీద పోచంపల్లి పట్టు వేయాలని మీకు చేతులు దురద పెడతాయని తెలుసు. నేనూ వేశాను. ఆరు నెలల్లో కుట్టు దగ్గర పోగులు జారిపోయాయి. చీర కోసం నేసిన ఇక్కత్ కూర్చోవడానికి నేసింది కాదు. ఫర్నిషింగ్ బట్టలకు మార్టిండేల్ అనే రాపిడి పరీక్ష ఉంటుంది. రోజూ వాడే సోఫాకు 20,000 నుంచి 25,000 రబ్స్ తట్టుకునే బట్ట చూసుకోవాలి. పైగా ఫర్నిషింగ్ బట్ట వెడల్పు 54 అంగుళాలుంటే చేనేత పన్నా 45, 48 దగ్గర ఆగుతుంది, అతుకు ఎక్కడ పడుతుందో ముందే గీసుకోవాలి. ఇక్కత్‌ను వార్డ్‌రోబ్ తలుపుల (షట్టర్ల) ప్యానెళ్లలో, మంచం తల వైపు పై భాగంలో, కంటికి మాత్రమే కనిపించే చోట వాడండి. కూర్చునే చోట మందపాటి నూలు కావాలంటే వరంగల్ దుర్రీలు నేసేవాళ్లతో మాట్లాడండి. మగ్గం వర్క్ మాత్రం సీటు మీద, కుషన్ మీద వద్దే వద్దు. ఒక్క పూస చాలు, పట్టుచీర కొంగు పట్టుకుని లాగడానికి. మీ 14 మందికి పని కావాలంటే షట్టరు లోపలి వైపు ఒక్క పువ్వు కుట్టించండి. తలుపు తెరిస్తేనే కనిపించాలి.

పిడులకు కేటలాగు సామాను కొనకండి. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి పని చేసేవాళ్లున్నారు. బిద్రీ అయితే బీదర్ కోట మట్టితో నలుపెక్కించి, అందులో వెండి తీగ మెరిసేలా చేస్తారు. నల్ల పట్టు మీద జరీ లాగే ఉంటుంది, మీ కంటికి కొత్తగా చెప్పక్కర్లేదు. 12 పిడులు మాత్రమే చేయించండి. మొదటి రెండూ మీ ఇంటి తలుపుకు బిగించి, పట్టు దొరుకుతోందా, వేలికి గుచ్చుకుంటోందా చూసుకోండి.

మేస్త్రి సంగతి. మంచి వడ్రంగిని వెతకడం మంచి కటింగ్ మాస్టర్‌ని వెతకడం లాంటిదే, మీరు ఇప్పటికే ఒకసారి చేసిన పని. నైపుణ్యం ఉంటుంది, అలక ఉంటుంది, పండక్కి ఊరెళ్లి నెల దాకా రాకపోవడం ఉంటుంది. మన ఊళ్లో మంచి కర్ర పనివాళ్లలో చాలామంది రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్లు, హిందీలోనో ఉర్దూలోనో బేరం మీకు కష్టం కాదు. పని అప్పగించే ముందు మూడు నెలలు వారానికి రెండు రోజులు ఒక వర్క్‌షాపులో ఊరికే కూర్చోండి. చిత్రిక పడుతుంటే పొట్టు ఎలా వస్తోందో చూడండి. రిబ్బనులా చుట్టుకుని వస్తే ధార వెంట, అంటే కర్ర నార నడిచే దిక్కున, పడుతోందని అర్థం. తునకలుగా చిరిగి వస్తే ఎదురుగా పడుతోంది. వెల్వెట్ మీద చెయ్యి ఎటు రాస్తే మెరుస్తుందో తెలిసిన మీకు వారంలో వేళ్లకు తెలిసిపోతుంది. అసలు వస్తువుకు ముందు చవక ప్లైవుడ్‌తో, అట్టతో అసలు సైజులో నమూనా చేయించండి. లెహంగాకు కోరా గుడ్డతో ట్రయల్ పీస్ కుట్టరూ, అలా. అందులో నిజంగా ఒక లెహంగా పెట్టి తీసి చూడండి.

ఇప్పుడు మీవారి టెన్షన్. ఆయన వైపే నేనున్నాను. పెళ్లిళ్ల సీజన్ లేనప్పుడు ఫర్నిచర్ ఆదుకుంటుందని మీరు అనుకుంటూ ఉండొచ్చు. ఆదుకోదు. మాఘంలో, శ్రావణంలో పెళ్లిళ్లు ఉంటాయి, గృహప్రవేశాలూ అప్పుడే ఉంటాయి. ఆషాఢంలో రెండూ ఉండవు. అంటే ఒకే వారంలో పెళ్లికూతురు, ఇల్లుగలావిడ ఇద్దరూ మీ గుమ్మంలో నిలబడతారు, ఖాళీ నెలలో ఇద్దరూ ఉండరు, షోరూమ్ అద్దె మాత్రం ఉంటుంది. మొదటి రెండేళ్లు షోరూమ్ వద్దు. బొటిక్‌లో ట్రయల్ రూమ్ ఉంది కదా, అదే మీ షోరూమ్. అక్కడ మీ అద్దం, ఒట్టోమన్, లెహంగా సొరుగు పెట్టండి. మీ కస్టమర్లు అందులో అరగంట నిలబడతారు, ఏ జూబ్లీహిల్స్ షోరూమ్‌లోనూ అంతసేపు ఉండరు. మెషీన్లు కొనకండి, జాబ్ వర్క్‌కి ఇవ్వండి. డబ్బు సగం ముందు, పాలిష్‌కు ముందు కస్టమర్ వచ్చి చూశాక నలభై శాతం, బిగించాక మిగతాది తీసుకోండి. ఖర్చు లెక్కేసేటప్పుడు బట్ట వేస్టేజీ లెక్క ఇక్కడ వేయకండి. మా వర్క్‌షాపులో కొన్న టేకులో మూడో వంతు పొట్టుగా, ముక్కలుగా పోతుంది.

కంటైనర్ మాటకు ఒక్కటే అడుగుతాను. మీ లెహంగా డిజైన్‌ను ఎవరో కాపీ కొట్టి వాళ్ల లేబుల్ కుట్టి అమ్మితే మీరు ఎంత బాధపడతారు? ఆ సోఫాయే నెల తిరక్కుండా పక్క టవర్లో కనిపిస్తే కోకాపేట ఆవిడకు మీరేం చెప్తారు? మీ సొంత గీతను కాపాడుకోవాలంటే డిజైన్స్ చట్టం, 2000 కింద రిజిస్టర్ చేయించుకోండి. 10 ఏళ్లు హక్కు ఉంటుంది, ఇంకో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. కాకపోతే అప్లై చేసే ముందే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేస్తే అది కొత్తది కాకుండా పోతుంది, రిజిస్ట్రేషన్ దక్కదు. మన డిజైనర్లు చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు, ఫొటో ముందు, పేపరు తర్వాత.

ఆవిడ దగ్గరకు వెళ్లి ఇలా చెప్పండి: "ఆంటీ, హాలు ఎవరైనా చేస్తారు. మీ అమ్మాయి లెహంగా, మీ పట్టుచీరలు పెట్టుకునే గది నాకివ్వండి, అది నాకంటే బాగా ఎవరూ చేయలేరు." ఆవిడ ఒప్పుకుంటుందనే నా నమ్మకం. ఒప్పుకోకపోతే ఆ ఒక్క సొరుగు మీ ఇంట్లో చేయించుకోండి. ఒక ఏప్రిల్, ఒక జూలై దాన్ని తెరుస్తూ మూస్తూ ఉండండి. వానాకాలంలో బిగుసుకుంటే ఎంత బిగుసుకుందో కొలిచి పుస్తకంలో రాసుకోండి. రెండో ఏడాది మళ్లీ ఆవిడను అడగొచ్చు.

అన్నట్టు, కోకాపేట వెళ్లేటప్పుడు టేపు తీసుకెళ్లండి. గది తర్వాత, ముందు లిఫ్టు కొలవండి, తలుపు ఎత్తు, లోపల మూల నుంచి మూలకు. 14వ అంతస్తుకు ఎనిమిదడుగుల సోఫాను మెట్ల మీద మోయించిన రోజు మా వాళ్లు నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు.